లెక్కకు రాని కాలు

నేను మా బావకు చెప్పిన అబద్ధాలల్ల ఒక్కటే తిరిగొచ్చి నన్ను కరిచింది. మిగిలినవన్నీ సాధువులే, ఎవ్వరి జోలికీ పోలేదు.

అదొక పెండ్లిల, విస్తరి ముందు కూసొని, పప్పు వచ్చేదాక పొద్దుపోక చెప్పిన కథ. నా చిన్నతనంల పటాన్‌చెరుల మేం ఫుట్‌బాల్ ఆడుతుంటే బంతి ఎగిరి, సైకిల్ మీద పోతున్న పాలాయన నెత్తికి తగిలిందని చెప్పిన. ఆయన లేచినంక మూడు రోజులు మరాఠీ తప్ప ఒక్క మాట మాట్లాడలేదని, నాలుగో రోజుకు ఆయన భార్య, బర్రె కూడ మరాఠీ నేర్చుకున్నయని చెప్పిన. పంక్తిల అందరు నవ్విన్రు. మా బావ మాత్రం నవ్వలేదు. చెయ్యి విస్తరి మీదనే ఆపి, "గంత ఖతర్నాకా" అన్నడు.

బావ అంటే మా అక్క మొగుడు. సంగారెడ్డి గంజ్‌ల పప్పుల దుకాణం. ఇల్లు మాత్రం పటేల్‌గూడ దిక్కు మా కాలనీల్నే, మా ఇంటికి రెండు గల్లీల అవతల. మంచోడు. తూకంల ఒక్క గింజ తేడా రానియ్యడు. కానీ ఈ నడుమ ఆయనకు రాజకీయాలు ఎక్కినయి. పాతకాలమే మంచిదనే పార్టీల చేరిండు, ఆ ఊపుల కాలనీ సంఘానికి ప్రెసిడెంట్ కూడ అయిండు. పదహారేండ్ల సంది డాడీ అని పిలుస్తున్న బిడ్డకు ఇగ నాయినా అనాలె అని హుకుం పెట్టిండు. మోరీ పొంగి రోడ్డు మీదికొస్తున్నది బావా అంటే, "మన తాతల కాలంల మోరీలే లేకుండె, వాళ్లు బతకలేదా" అంటడు. ఆయనతోటి వాదించుడంటే సబ్బు రుద్దిన గిన్నెను పట్టుకున్నట్టే. గట్టిగ పట్టుకున్నకొద్దీ జారుతది.

ఆ బిడ్డనే, అంటే నా మేనకోడలు, ఇంకో పది మంది ఆడపిల్లలను పోగేసి నీళ్ల ట్యాంకు వెనుక గ్రౌండ్ల రోజూ సాయంత్రం ఫుట్‌బాల్ ఆడుతది. రెండు నెలలల్ల జిల్లా జట్టుకు ఎంపికలున్నయి. ఆ గ్రౌండ్ పోతే వాళ్లకు ఇంకో జాగ లేదు. మా దిక్కు ఏడ చూసినా కంపెనీల గోడలు, లేకపోతే ప్లాట్ల హద్దురాళ్లు.

ఒక ఆదివారం సంఘం మీటింగ్‌ల బావ లేచి, ఆడపిల్లల ఫుట్‌బాల్ బంద్ చెయ్యాలన్నడు. నిక్కర్లు మన పద్ధతి కాదన్నడు. అది ఇంగ్లీషోని ఆట అన్నడు.

"మరి క్రికెట్ ఎవనిది బావా?" అన్న.

"క్రికెట్ మనది," అన్నడు. అందరు తల ఊపిన్రు.

"అన్నిటికంటె ముఖ్యంగ ప్రమాదం. నా మాట కాదు, మా బామ్మర్ది కండ్లార చూసిండు. పటాన్‌చెరుల ఒక పాలాయన..." అని మొదలుపెట్టి మొత్తం చెప్పిండు. బర్రెను కూడ వదల్లేదు. ఆయన చెప్తుంటే నవ్వొస్తలేదు, భయమైతున్నది. అదే తేడా.

అందరు నా దిక్కు తిరిగిన్రు. తలుపు కాడ నిలవడ్డ కోడలు కూడ చూసింది. అబద్ధమని ఒప్పుకుంటే ఈ జన్మల నా కథ ఎవ్వడూ వినడు. నిజమంటే పిల్ల ఆట పోతది. నేను పిరికోన్ని, నడిమి తొవ్వ పట్టిన.

"అప్పట్ల సేఫ్టీ లేకుండె బావా. ఇప్పుడైతే ఒక బోర్డు పెడుదాం," అన్న.

నేను కాజీపల్లిల ఒక మందుల కంపెనీల సేఫ్టీ సెక్షన్ల పనిచేస్త. గేటు కాడ 'ప్రమాదం లేని రోజులు' అని ఒక బోర్డుంటది, దాని కింద అంకె. ఎవనికన్న దెబ్బ తగిలితే అంకెను సున్నకు తేవాలె. కానీ నేను చూసినంత వరకు అది పెరుగుడే గానీ తగ్గుడు లేదు. వేలు తెగినోడు, ఇంట్ల ఉల్లిగడ్డ కోస్తుంటే తెగిందని రాసిస్తడు. కొన్ని నేనే దగ్గరుండి రాయించిన. మా కంపెనోళ్ల ఇండ్లల్ల ఉన్నంత ప్రమాదకరమైన ఉల్లిగడ్డలు దేశంల ఇంకేడ ఉండవు.

బావకు బోర్డు బాగ నచ్చింది. తీర్మానాల బుక్కుల ఆయనే రాసిండు: 'ఆడపిల్లలలో ఎవరికైనను దెబ్బ తగిలినచో ఆ దినమే ఆట శాశ్వతముగా నిలిపివేయవలెను.'

చెక్క ముక్కకు నల్లరంగేసి ట్యాంకు మెట్లకు కట్టినం. కోడలు రోజూ సుద్దతోటి అంకె దిద్దుతుండె. పది దాటింది, ఇరవై దాటింది, నలభై రెండైంది.

ఆ నలభై రెండో రోజు, గోల్ కాసే ఒడిషా పిల్లకు జ్వరమొచ్చింది. నేను డ్యూటీ దిగి అటు దిక్కెల్లి పోతున్న. "నేను నిలవడ్త తియ్యిన్రి, ఒకప్పుడు నన్ను దాటి గాలి కూడ పోకపోతుండె," అన్న. ఆఫీసు ప్యాంటు, కాళ్లకు చెప్పులు. కోడలు బంతి కొట్టింది.

ఇక్కడ నిజమే చెప్త, అలవాటు లేకపోయినా. ఆ బంతి ఎంత మెల్లగ వచ్చిందంటే, నడుమల కోడి ఉంటే గింజలు ఏరుకొని తీరికగ పక్కకు జరిగేది. నేను మాత్రం పులిలెక్క దుంకిన, బంతి రాని దిక్కుకు. చెప్పు ఏడనో ఇరికింది, చీలమండల టక్కుమన్నది.

పిల్లలు చుట్టూ మూగిన్రు. నొప్పితోటి కండ్లల్ల నీళ్లొస్తున్నా నా నోటెంట వచ్చిన మొదటి మాట, "బోర్డు ముట్టకున్రి. నేను బాత్రూంల జారిపడ్డ."

"ఈడ బాత్రూం ఏడుంది మామా?" అన్నది కోడలు.

డాక్టర్ సిమెంట్ పట్టీ వేసి ఆరు వారాలన్నడు. మా అక్క ఏడ్చుకుంట వచ్చి బాత్రూంను తిట్టింది. బావ ఊకె తిట్టే మనిషి కాదు కద, తెల్లారే బత్తాయిల సంచితోటి, వెనుక ఒక మేస్త్రితోటి వచ్చిండు. "నున్నటి రాయి తీసేసి గరుకుది వేయిస్త. మా బామ్మర్ది మళ్ల పడొద్దు," అన్నడు. పాపం, ఆ ప్రేమకు నేనేం చెప్పాలె. మేస్త్రి నా నున్నటి బాత్రూంను సుత్తెతోటి పలగ్గొడుతుంటే, నేను మంచం మీద బత్తాయి ఒల్చుకుంట విన్న.

అప్పుడొచ్చింది కోడలు. చేతులకు సుద్ద.

"డాడీ, మామ బాత్రూంల పడలేదు. గోల్ కాడ పడ్డడు, నేను బంతి కొడితే. బోర్డు మీద సున్న పెట్టొచ్చిన."

సుత్తె చప్పుడు కూడ ఆగింది. నా గుండె కాలు కంటె ఎక్కువ గుంజింది. ఇన్ని రోజుల ఆట, రెండు వారాలల్ల ఎంపికలు, అంత ఈ పిల్ల చేజేతుల తుడిచేసింది. నేను సైగ చేసిన. చూడలేదు.

బావ గొంతు సవరించుకున్నడు. "తీర్మానంల ఏం రాసినం? ఆడపిల్లకు తగిలితే అని. మగోనికి దెబ్బలు తగుల్తనే ఉంటయి. అది లెక్కకు రాదు. నలభై రెండు నలభై రెండే ఉంచు."

బతికినం అనుకున్న. మరుక్షణం, నా కాలు లెక్కకు రాదా అని కోపమొచ్చింది. రెండూ ఒకేసారి వచ్చుడు ఎట్లుంటదో పట్టీల దురద పుట్టినోనికి ఎరుక.

"మామది కూడ కాలే కద," అన్నది కోడలు. "సున్ననే ఉంటది. రేపటి సంది ఒకటి."

బావ పోయేటప్పుడు తలుపు కాడ ఆగి మెల్లగ అడిగిండు, "అంత గట్టిగ కొట్టినవా బిడ్డా?"

"తుపాకి గుండు బావా," అన్న నేను.

"ఉత్తదే, మెల్లగ కొట్టిన," అన్నది ఆమె.

ఇప్పుడు బోర్డు మీద తొమ్మిదుంది. నిన్న సాయంత్రం గ్రౌండ్ పక్కన కుర్చీల కాలు చాపుకొని కూసున్న. మోరీ చూడనీకి వచ్చిన అనుకుంట బావ వచ్చి పక్కన నిలవడ్డడు. మనసు మెత్తగున్నప్పుడే చెప్పాలని, "బావా, ఆ పాలాయన ముచ్చట అబద్ధం. అట్ల ఎవ్వడూ లేడు," అన్న.

బావ జాలిగ చూసిండు. "పిల్లల కోసం ఇప్పుడు అబద్ధమాడుతున్నవ్. నాకెరుక లేదా నీ సంగతి?"

బంతి దొర్లుకుంట మా దిక్కొచ్చింది. బావ రెండు చేతులు నెత్తి మీద పెట్టుకొని నా కుర్చీ వెనుకకు జరిగిండు.