పొర కాగితం మీద ముఖం

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు.

నా చిన్నప్పుడు ఆత్మకూరులో మా తాతకు ఒక పిచ్చి ఉండేది. పేరుపడిన పాత ఇంగ్లీషు నవలలను మేలైన కాగితం మీద కొద్ది ప్రతులే అచ్చువేసి, బొమ్మలు పెట్టి, తోలు అట్ట కట్టేవాళ్లట. అలాంటి పుస్తకం ఎక్కడుందని తెలిసినా పోయి తెచ్చుకునేవాడు. ప్రతి బొమ్మ మీదా పల్చటి పొర కాగితం ఉండేది. దాన్ని వేలితో తాకనిచ్చేవాడు కాదు. అంచున మెల్లగా ఊదితే అదే లేచేది. చదువు రాని నాకు ఆ బొమ్మలే కథ.

"ఆ పుస్తకాలకిచ్చే మర్యాద మాకెప్పుడన్నా ఇచ్చినావా?" అని అవ్వ దెప్పేది.

మా అమ్మ పోయిన ఏడాది అది. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ లేదు. రోజురోజుకూ ఆమె ముఖం నా మనసులో చెదిరిపోతుంటే, ఎవరికీ చెప్పుకోలేక లోలోపల వణికిపోయేదాన్ని.

ఒక సాయంత్రం తాత ఉదయగిరి నుంచి ఒక పుస్తకం తెచ్చాడు. అందులో ఒక బొమ్మనెవరో కోసుకుపోయారు. పొర కాగితం మాత్రం మిగిలింది. అలవాటుగా ఊదాను. కాగితం లేచింది. దాని అడుగున తేనెరంగు నీడలాగా ఒక ఆడమనిషి ముఖం! నా ఊపిరికి ఆ పెదవులు కదిలాయి. కెవ్వుమన్నాను.

"దెయ్యం కాదులే పాపా. ఏండ్ల తరబడి బొమ్మను ఆనుకోనుండాది గదా, ఆ సిరా దీనికి అంటుకున్నాది. బొమ్మ పోయినా ఇది వదల్లా," అన్నాడు తాత.

"మరి నాకెందుకు తాతా, అమ్మ ముఖం పోతా ఉండాది?" అని ఏడ్చేశాను.

తాత నా కళ్లు తుడిచాడు. అంటుకున్న బొమ్మ కుడిఎడమలు తిరగబడి ఉంటుందని, సరిగా చూపడానికి ఆ కాగితాన్ని నా చెంప పక్కన పెట్టి నన్ను అద్దం ముందు నిలబెట్టాడు. మసక వెలుతురులో ఆ ముఖం కనబడింది. దాని పక్కన నా ముఖం. ఆ కనుబొమలు, ఆ ముక్కు అమ్మవే. వెనక అవ్వ చేతిలో చెంబు జారింది.

"అచ్చం మీయమ్మే!"

నేను నవ్వబోతే అద్దంలో అమ్మ నవ్వింది. ఒళ్లు జలదరించింది. అయినా కళ్లు తిప్పుకోలేదు.

అమ్మ చిన్న వయసులోనే పోయింది. నేనేమో ఆ వయసు దాటి ఎంతో దూరం వచ్చాను. ఇప్పుడు పొద్దున్నే తల దువ్వుకుంటుంటే, నెరిసిన జుట్టుతో ఆమె ఎదురుగా కూర్చుని ఉంటుంది. ఒక్కోసారి నాకంటే ముందే నవ్వుతుంది. నేను భయపడను, పలకరిస్తాను.

మీ ఇంట్లో పోయినవాళ్ల నవ్వులు మీ బిడ్డల ముఖాల్లో చల్లగా వెలగాలి తల్లీ. మీ గడప పచ్చగా ఉండాలి.