రెల్లు తెల్లబడిందా?

మా చిన్నప్పుడు... నరసాపురం అవతల మా ఊరి చివర ఓ పల్లం ఉండేది. ఎండాకాలంలో నేల నెర్రెలిచ్చి, గరిక ఒక్కటే మిగిలేది. వానలు పడి నీళ్లు నిలిచేసరికి గరిక మునిగిపోయి తుంగ లేచేది. దసరా సెలవుల ముందు గట్టు మీద రెల్లు తెల్లగా పూసేది. నీళ్లు తగ్గాక బురదలో పొన్నగంటి కూర అల్లుకునేది... ఇంట్లో క్యాలెండర్ ఉన్నా, మా నాయనమ్మ మాత్రం ఆ పల్లం చూసే నెలలు చెప్పేది.

నాయనమ్మ తుంగ చాపలు అల్లేది. "రెల్లు తెల్లబడకుండా తుంగ మీద కొడవలి పెట్టకూడదే," అనేది. గట్టు మీద రెల్లు పూసిందంటే పల్లంలో తుంగ ముదిరినట్టే.

నేను ఐదో తరగతిలో ఉండగా ఆవిడ మంచాన పడింది. ఒంటి కింద పరిచిన పాత చాప చిరిగి గుచ్చుకుంటోంది.

"కొత్త చాప మీద పడుకోవాలనుందే..." అంది.

అప్పటికి రెల్లు ఇంకా పూయలేదు. అంతవరకు నాయనమ్మ ఉండదేమోనని నాకు భయం. అమ్మ పొలం వెళ్లినప్పుడు కొడవలి తీసుకుని పల్లంలో దిగి, ఇంకా ముదరని తుంగ రెండు మోపులు కోసుకొచ్చాను. అమ్మ తిట్టింది. అయినా పారేయడానికి మనసొప్పక, ఎండబెట్టి అల్లింది.

వారం తిరిగేసరికి తుంగ కుంచించుకుపోయి చాపంతా సందులే... నాయనమ్మ చేత్తో తడిమి చూసింది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడవకే తల్లీ. సందుల్లోంచి గాలి తగులుతుందిలే," అంది.

ఆ రోజు నుంచి పొద్దున్నే ఒకటే ప్రశ్న... "రెల్లు తెల్లబడిందా?"

"ఇంకా లేదు నాయనమ్మా."

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ చూస్తే గట్టు పొడుగునా తెలుపే! పరుగెత్తుకొచ్చి చెప్పాను. నాయనమ్మ నవ్వి, "అయితే మీ అమ్మని కోయమను," అంది.

అమ్మ కోసింది. ఆ తుంగ పెరట్లో ఎండుతుండగానే నాయనమ్మ వెళ్లిపోయింది... నా సందుల చాప మీదే.

చాలా ఏళ్లు ఆ చాప పాడుచేశానని కుమిలిపోయాను. నేను తొందరపడకపోతే ఆవిడకు అదైనా ఉండేది కాదని ఈ వయసులో అర్థమైంది. అయినా బాధ పోలేదు.

మొన్న ఊరెళ్లాను. పల్లం రొయ్యల చెరువైంది. కాపలా ఆయన్ని అడిగాను, "ఇక్కడ రెల్లు ఎప్పుడు పూస్తుందండి?" అని.

"రెల్లేంటండి? గట్టు మీద గడ్డి మొలిస్తే మందు కొట్టేస్తాం కదండీ. ఇక్కడ ఏడాదంతా నీళ్లేనండి," అన్నాడు.

గట్టు ఎక్కి చూశాను. నీళ్ల మీద రొయ్యలకు గాలి అందించే మోటార్లు తిరుగుతున్నాయి... అది ఏ నెలో ఆ నీళ్లను చూసి చెప్పలేకపోయాను.

మీ పెద్దవాళ్లు ఏ గడ్డిని, ఏ పువ్వును చూసి కాలం చెప్పేవారు? ఒకసారి వెళ్లి చూసి రండి. ఎక్కడైనా రెల్లు తెల్లబడితే నాకు చెప్పండి... నాయనమ్మ ఇంకా అడుగుతూనే ఉన్నట్టుంది.