బెండకాడల మీద పరిశోధన

ఇరవై ఏళ్ల కిందట అనకాపల్లిలో పార్ట్‌టైం కెమిస్ట్రీ లెక్చరర్ అంటే, పెళ్లిచూపుల్లో 'లెక్చరర్' అని గట్టిగానూ, 'పార్ట్‌టైం' అని దగ్గుతూనూ చెప్పుకునే ఉద్యోగం. అలా దగ్గి దగ్గి రెండు సంబంధాలు పోగొట్టుకున్న రోజుల్లో మా ప్రిన్సిపాల్ పిలిచి, "పరిశోధనకి గంపగుత్తగా ఒకేసారి గ్రాంటు ఇస్తున్నారయ్యా. అది తెచ్చుకున్నవాణ్ణే పర్మనెంట్ చేస్తామంటోంది యాజమాన్యం" అన్నారు. పరిశోధన అంటే ఏమిటో నాకు తెలియదు గాని, పర్మనెంట్ అంటే బాగా తెలుసు.

నేరుగా మా మేనమామ బెల్లం వండే చోటికి పోయాను. చెరకు రసం మరుగుతుంటే ఆయన నలగ్గొట్టిన బెండకాడలు నీళ్లలో పిసికి, ఆ జిగురు పెనంలో పోసేవాడు. మడ్డంతా పైకి తేలేది. ఏ మందూ కలపకుండానే బెల్లం బంగారు రంగులో వచ్చేది. ఎంత జిగురు, ఎప్పుడు పొయ్యాలి, ముదురు కాడ ఎందుకు పనికిరాదు, అన్నీ ఆయన చెప్పాడు. నేను ఆ ఫలితాలన్నీ దరఖాస్తులో పూసగుచ్చినట్టు నింపేశాను (ఎంత రాస్తే అన్ని మార్కులనుకున్నాను, పరీక్షలు రాసిన బుద్ధి ఎక్కడికి పోతుంది). తిరుగుటపాలో జవాబొచ్చింది. ఫలితం ముందే తెలిసినందున పరిశోధన అవసరం లేదట.

"నిజమే కదేటి అల్లుడూ," అన్నాడు మామ, "అన్నం వండేసినాక బియ్యం అడిగితే ఎవులిత్తారు?"

మరుసటి ఏడు బుద్ధిమంతుడిలా నాకేమీ తెలియదని రాశాను. 'ఈ అంశంపై ఇంతకుముందు ఎవరు పనిచేశారు?' అన్న గడిలో ముత్యాల్లాంటి అక్షరాలతో 'ఎవరూ లేరు' అని నింపాను. గ్రాంటు వచ్చింది. రెండేళ్లు గాజుగొట్టాలతో కుస్తీ పట్టి, మామ ఒక్క సాయంత్రంలో చెప్పినదాన్నే నిరూపించి పర్మనెంటయ్యాను.

స్వీట్ల పెట్టె, అచ్చయిన రిపోర్టు పట్టుకుని వెళ్తే మామ చేతులు కడుక్కుని, పంచెకి తుడుచుకుని మరీ రిపోర్టు అందుకున్నాడు. కాసేపు అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చి, "సదువు, ఇందాం" అన్నాడు. నేను మొదటి పేజీ నుంచి తెలుగు చేసి చెబుతూ, ఆ జోరులో 'ఇంతకుముందు ఎవరూ చేయలేదు' అన్న వాక్యం కూడా చదివేశాను.

"ఎవులూ సెయ్యలేదా?" అన్నాడు మామ. "మరి నలభై ఏళ్లు నానేటి సేసేను, అల్లుడూ?"

కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నాకు సిగ్గేసింది. స్వీట్ల పెట్టె విప్పాను.

మొన్న బీరువా సర్దుతుంటే ఆ దరఖాస్తు నకలు దొరికింది. ఆ కుర్రాడి దస్తూరీ చూస్తే నవ్వొచ్చింది, పాపం ఎంత శ్రద్ధగా రాశాడో. 'ఎవరూ లేరు' కొట్టేసి, పక్కన మామ పేరు, ఇంటిపేరుతో సహా రాశాను. గడువు ఎప్పుడో దాటిపోయిందనుకోండి.