సినిమాలో మనోడు

టైడా స్టేషన్‌కి అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా పోస్టింగ్ వచ్చినప్పుడు మా ఊళ్లో అందరూ నన్ను అదృష్టవంతుడన్నారు. కొండలు, సెలయేళ్లు, చల్లగాలి. జీతమిచ్చి మరీ షికారుకి పంపిస్తున్నారన్నారు. ఆ అన్నవాళ్లలో ఒక్కరు కూడా వానాకాలంలో అక్కడ ఒక వారం ఉండి చూసినవాళ్లు కారు. రోజుకో పాసింజరు పైకి వెళ్తుంది, అదే మళ్లీ కిందికి వస్తుంది. మిగతావన్నీ ఇనప ఖనిజం మోసే గూడ్సు బళ్లు. నిండుగా కిందికి దిగుతాయి, ఖాళీగా పైకెక్కుతాయి. వాటిలో ఉండే డ్రైవరూ గార్డూ నా చేతిలో పచ్చజెండా చూస్తారు తప్ప జెండా పట్టుకున్నవాణ్ణి చూడరు.

నేను గోదావరి జిల్లా వాణ్ణి. మా వైపు మనుషులకి ఒక పూట అన్నం లేకపోయినా గడుస్తుంది గాని మాట లేకపోతే గడవదు. ఇక్కడ నాకు తోడుగా ఉన్న, బళ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ అనంతగిరి వైపు కొండవాడు, మా నాన్న వయసువాడు. ఎంతో మంచివాడు. కాని "బండొత్తంది బాబూ" అన్నాక, "బండెల్పోయింది బాబూ" అనేదాకా ఆయన నోట మరో మాట రాదు. తన వాళ్లు ఎవరైనా అడవిలోంచి అడ్డాకుల మోపుతో వస్తే మాత్రం వాళ్ల భాషలో గలగలా మాట్లాడేవాడు. నేను దూరంగా కూర్చుని, అర్థం కాకపోయినా ఆ మాటల సవ్వడి వినేవాణ్ణి. అంత కరువులో ఉన్నాను.

ఇలాంటి రోజుల్లో నన్ను కాపాడింది బ్లాక్ ఫోన్. స్టేషన్‌లో రెండు ఫోన్లుంటాయి. ఒకటి, బళ్లన్నిటినీ నడిపించే కంట్రోలరుతో మాట్లాడే కంట్రోల్ ఫోన్. అందులో మాట్లాడితే లైను పొడుగునా అందరికీ వినబడుతుంది. రెండోది బ్లాక్ ఫోన్, పక్క స్టేషన్‌తో మాట్లాడటానికి మాత్రమే. ఒక బండిని పంపాలంటే పక్కవాడు గంట కొట్టి, దారి ఖాళీయేనా అని లైన్ క్లియర్ అడగాలి. మనం ఇవ్వాలి. పై స్టేషన్‌లో పగటి డ్యూటీ చేసే ఆయన కూడా నా వయసువాడే, విజయనగరం వైపు మనిషి. మొదట్లో మా మధ్య లైన్ క్లియరు తప్ప ఇంకేమీ నడవలేదు.

ఒకరోజు లైన్ క్లియర్ ఇచ్చాక ఆయన ఫోన్ పెట్టలేదు. "ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు సదువుతారేటండీ?" అని అడిగాడు. చదువుతానన్నాను. నిజానికి అప్పటిదాకా ఒక్కటీ చూసి ఎరగను. "అయితే ఈ బండి గార్డు సేతికి ఒకటిచ్చి పంపుతున్నాను. తడవకండా సూడండి" అన్నాడు.

గార్డు, బండి చివరుండే తన బ్రేక్ వేను మెట్టు మీంచి విసిరిన సంచిలో ఆ పుస్తకం వచ్చింది. విశాఖపట్నం రేవుకొచ్చే ఓడల మనుషులు చదివేసినవి పాత పుస్తకాల వాళ్లకి అమ్మేస్తారట. ఈయన రెస్టు రోజున అక్కడికి వెళ్లి ఏరుకొచ్చేవాడు. అదొక అంతరిక్షపు కథ. ఏదో దేశంలో పెద్ద సినిమాగా వచ్చి, జనం ఎగబడి చూస్తే, దాన్ని పట్టుకుని ఈ బొమ్మల పుస్తకాలు నెలనెలా వేస్తున్నారు. కూలిపోయిన ఒక సామ్రాజ్యం, వెలుగునే తెరచాపగా కట్టుకున్న ఓడ, దాన్ని నడిపే ఒక పిల్ల, ఆ పిల్ల వెంటబడే మంత్రగాళ్లు. పగలంతా వాన కురుస్తుంటే స్టేషన్ గదిలో కూర్చుని ఆసాంతం చదివాను. అయిపోగానే మళ్లీ మొదలుపెట్టాను.

అప్పట్నించి మా మాటలు పెరిగాయి. 'అండీ' పోయి 'గురూ' వచ్చింది. గంట మోగితే పని, పని అయ్యాక కథ. ఓడకి తెరచాప ఎలా పనిచేస్తుంది, ఆ పిల్ల నాన్న నిజంగా చచ్చిపోయాడా, నల్ల ముసుగు మంత్రగాడు మంచివాడా చెడ్డవాడా. పుస్తకాల చివరి పేజీల్లో ఆయా దేశాల పాఠకులు రాసిన ఉత్తరాలు అచ్చువేసేవారు. వాళ్లూ వీటి గురించే తగువులాడుకునేవారు. ఇంతింత పెద్ద ఊళ్లలో ఇంతమంది మనలాంటి వాళ్లున్నారు గదా అనిపించేది. వాళ్లు ఒక చోట కూడుకుంటారట కూడా. వాళ్లని చూసి నాకు కుళ్లుగా ఉండేది. మేం ఇద్దరం, మధ్యలో సొరంగాలు.

ఆ కథలో మా ఇద్దరికీ ప్రాణమైనవాడు ఒకడుండేవాడు. మంచు చందమామ మీద ఒంటరిగా దీపం కాసేవాడు. అటుగా వెళ్లే ఓడలకి దారి బాగుంది, రావచ్చు అని దీపం ఊపి చెప్పడం అతని పని. ఓడలేవీ అక్కడ ఆగవు. ఆ పిల్లతో అతను రేడియోలో మాట్లాడతాడు. ఇద్దరికీ స్నేహం. ఒకరినొకరు చూసుకున్నది మాత్రం లేదు. అతనికి పుస్తకంలో ఏదో నోరు తిరగని పేరుంది. మేం 'మనోడు' అనేవాళ్లం. ఒక పుస్తకంలో మంత్రగాళ్లు మనోడి దీపం ఆర్పేయడానికి బయల్దేరతారు. ఆ పుస్తకం కొన్నప్పుడే ఆఖరి కాగితం లేదు. తర్వాతవి దొరకలేదు. మనోడు ఏమయ్యాడో మాకు తెలియకుండా పోయింది.

మా అసలు తగువు కూడా మనోడి గురించే. పై స్టేషన్‌లోని మా గురువుగారి లెక్కలో సినిమాయే అసలు కథ.

"పుస్తకాల్లో ఉన్నదంతా నిజం కాదు గురూ. అవి అమ్ముకోడానికి తరవాత అల్లినవి. సినిమాలో ఉంటేనే ఉన్నట్టు."

"అచ్చుగుద్ది చేతికిచ్చాక లేదంటావేంటి గురూ? మనోడు లేడా అయితే?"

"సినిమాలో ఉన్నాడో నేడో సూస్తే తెలుస్తాది. నేడనే నా అనుమానం. ఇలాటోళ్లని సినిమాలో ఎట్టరు. ఎవుడు సూస్తాడు?"

నాకు ఒళ్లు మండిపోయేది. ఒకసారి కోపంతో ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాతి బండికి గంట ఎప్పుడు మోగుతుందా అని ఆ పరికరం ఎదుటే కూర్చున్నాను. మోగగానే ఇద్దరం ఏమీ జరగనట్టే మాట్లాడుకున్నాం.

ఇంత స్నేహంలోనూ మేం ఒకరినొకరు చూడలేదు. నవ్వొస్తుంది గాని, అది మా ఉద్యోగం తీరు. మా సెక్షన్‌కి ఒకే ఒక్క రెస్ట్ గివరు ఉండేవాడు. ఆయన ఒక రోజు ఈ స్టేషన్లో, మర్నాడు ఆ స్టేషన్లో డ్యూటీ చేసి, ఒక్కొక్కర్నే ఇంటికి పంపేవాడు. నాకు రెస్టయిన రోజున పై స్టేషన్ ఆయన డ్యూటీలో ఉండాలి. ఆయనకి రెస్టయిన రోజున నేనుండాలి. ఆయన పాసింజరులో దిగుతూ టైడా మీదుగా వెళ్లేవాడు కదా అంటే, ఆ సాయంత్రప్పూట నేను డ్యూటీ దిగి కొండ కింద గదిలో వంట చేసుకుంటూ ఉండేవాణ్ణి. ఆయన తిరిగి పైకెళ్లే పాసింజరేమో నేను డ్యూటీ ఎక్కకముందే దాటిపోయేది. ఒకరోజు పనిగట్టుకుని వెళ్లి నిలబడదాం అనుకుంటూనే ఉండేవాళ్లం. ఎక్కడికి పోతాం, ఇక్కడే కదా ఉంటాం అనుకునేవాళ్లం.

అంతలో ఆ సినిమా విశాఖపట్నం వచ్చింది. ఉదయం ఆట మాత్రమే వేస్తున్నారని ఒక గార్డు చెప్పాడు. ముందు పై స్టేషన్ వంతు వచ్చింది. "నువ్వు సూసేదాకా నేనేటీ సెప్పను, ఒట్టు" అని వెళ్లాడు. తిరిగొచ్చాక నిజంగానే ఏమీ చెప్పలేదు. "మనోడు ఉన్నాడా లేడా, అదొక్కటి చెప్పవా?" అని ప్రాధేయపడ్డాను. "సూడు గురూ, బేగి ఎల్లి సూడు" అన్నాడు. నా వంతు వచ్చినరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. హాలు ముందు ఇంకేదో సినిమా బొమ్మ కట్టి ఉంది. ముందురోజే మార్చేశారట. సముద్రం ఒడ్డున కాసేపు కూర్చుని, ఏమీ తినబుద్ధి కాక వెనక్కొచ్చేశాను.

ఆ సంగతి ఫోన్లో చెప్పాను. "సరే గురూ, నేను సెప్తాను. మొత్తం సెప్తాను" అన్నాడు.

ఎన్ని రోజులు చెప్పాడో! బండికీ బండికీ మధ్య కొంచెం కొంచెంగా చెప్పేవాడు. తెర మీద మొదట ఏం కనబడింది, ఓడ తెరచాప విప్పుకున్నప్పుడు హాల్లో జనం ఎలా అరిచారు, మంత్రగాడు ముసుగు తీసినప్పుడు పక్క సీటులోని ముసలాయన ఏమన్నాడు. సరిగ్గా ప్రాణం బిగబట్టుకున్నచోట గంట మోగేది. "ఉండు గురూ, బండొచ్చీసింది" అనేవాడు. నేను ఆ బండిని బండబూతులు తిట్టుకుంటూ జెండా ఊపేవాణ్ణి. "ఏటి బాబూ, బండి మీద కోపం?" అన్నాడు మా పాయింట్స్‌మన్ ఒకసారి. ఆయన అన్నేళ్లలో నన్ను అడిగిన సొంత ప్రశ్న అదొక్కటే.

ఒక మధ్యాహ్నం ఫోన్లో గురువుగారి గొంతు మారింది.

"గురూ, నువ్వే నెగ్గీసావు. ఉన్నాడు. మనోడున్నాడు."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ తర్వాత ఆయన సినిమాలో హీరోయిన్ గురించి కూడా చెప్పనంత విడమరిచి మనోడి గురించి చెప్పాడు. మంచులో ఆ గది ఎలా ఉంది, దీపానికి మసిపడితే చొక్కా చేత్తో ఎలా తుడిచాడు, తనలో తాను ఎలా పాడుకున్నాడు. మంత్రగాళ్లు వచ్చి దీపం ఆర్పేస్తే, మంట చేతుల్లో పట్టుకుని ఎలా నిలబడ్డాడు. ఆఖరికి యుద్ధం అయిపోయి, ఆ పిల్ల ఓడ తిరిగొస్తూ ఎన్నడూ ఆగని చోట ఆగిందట.

"దిగిందా?"

"దిగింది గురూ. ఇద్దరూ అప్పుడే సూసుకోడం."

"ఏమన్నాడు? ఆమె ఏమంది?"

"ఏటీ అన్నేదు. అలా సూసుకుంటా నిలబడ్డారంతే. హాల్లో ఒక్కడూ కదల్నేదు."

నాకు కళ్లనీళ్లు వచ్చాయి. సిగ్గుపడి, జలుబు చేసిందని చెప్పాను.

ఆ వానలు తగ్గకముందే ఆయనకి బదిలీ అయింది. ఎక్కడో దూరం, వేరే డివిజను. వెళ్లే రోజు పాసింజరులో దిగుతానని, డ్యూటీ దిగినా సరే నేను ప్లాట్‌ఫారం మీదే ఉండాలని, బండి ఆగిన కాస్సేపట్లో ఆఖరి తగువొకటి వేసుకుందామని అనుకున్నాం. నేను ఆయన కోసం పనసకాయ ఒకటి కొనిపెట్టాను. ఎందుకు కొన్నానో తెలియదు, అంత కాయ పట్టుకుని ఆయన ఎలా వెళ్తాడనుకున్నానో!

ఆ రోజు పై స్టేషన్‌కీ అవతల ఎక్కడో లైను మీద బండరాళ్లు పడి పాసింజరు రద్దయింది. మధ్యాహ్నం బ్లాక్ ఫోన్ గంట మోగింది. కొత్త గొంతు. రాళ్లు పడకముందే దిగొచ్చిన ఖనిజం బండికి లైన్ క్లియర్ అడిగి, "పాత మాస్టరు బ్రేక్ వేన్లో వస్తన్నారు, మీకు సెప్పమన్నారు" అంది.

కంట్రోల్ ఫోన్ అందుకున్నాను. ఆ బండిని టైడాలో రెండు నిమిషాలు ఆపనా అని అడిగాను. నిండు లోడుతో ఘాట్ దిగే బండి, ఎందుకు అన్నాడు కంట్రోలరు. రైల్వేలో చెప్పుకోదగ్గ కారణం నా దగ్గర ఒక్కటీ లేదు. ఏమీ లేదు సార్ అన్నాను. ఆపకుండా పంపించెయ్యి అన్నాడు.

పంపించాను. సిగ్నళ్లు నేనే ఇచ్చాను. పనసకాయ గదిలోనే ఉండిపోయింది. మంచూ వానా కలిసి అవతలి పట్టా కూడా కనబడటం లేదు. ఒకదాని వెనక ఒకటి వేగన్లన్నీ వెళ్లాయి. చివర్న బ్రేక్ వేను వచ్చింది. దాంట్లో రెయిన్‌కోట్లు వేసుకుని ఇద్దరు నిలబడ్డారు. ఒకరు పచ్చజెండా చూపించారు. రెండో ఆయన చెయ్యెత్తాడు. ఏదో అరిచాడు కూడా. నా చేతిలో జెండా ఉంది, అదే ఊపాను. ముఖం కనబడలేదు. బ్రేక్ వేను మలుపు తిరిగింది.

తర్వాత పై స్టేషన్‌లో కొత్తాయన చాలా పద్ధతైన మనిషి. లైన్ క్లియర్ అడిగేవాడు, ఇచ్చేవాడు, ఫోన్ పెట్టేసేవాడు. నేను కొన్నాళ్లు పుస్తకాల సంగతి కదపబోయాను. తర్వాత మానేశాను. ఆ ఏడాది నాకు ఎంత ఒంటరిగా ఉండేదంటే, పని లేకపోయినా ఆ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని తీగలో హోరు వినేవాణ్ణి. మా గురువుగారు ఏ ఊళ్లో ఉన్నాడో కనుక్కోబోతే, రైల్వే వదిలేశాడని ఎవరో చెప్పారు.

కొన్నేళ్ల తర్వాత నాకు కింద మైదానంలోకి బదిలీ అయింది. అక్కడ వీడియోలు వేసే పాక ఒకటుండేది. ఒక ఆదివారం దాని ముందు నల్లపలక మీద ఆ సినిమా పేరు సుద్దతో రాసి ఉంది. టికెట్టు తీసుకుని ముందు బల్ల మీద కూర్చున్నాను. అంతా ఆయన చెప్పినట్టే ఉంది. మొదటి బొమ్మ అదే. ఓడ అలాగే తెరచాప విప్పుకుంది. మంత్రగాడు ఆయన చెప్పిన చోటే ముసుగు తీశాడు. తర్వాతేం వస్తుందో ముందే పక్కవాడికి చెప్పేస్తుంటే, నోర్మూసుకొమ్మన్నాడు.

మనోడి కోసం చూశాను. యుద్ధం మొదలైంది, రాలేదు. యుద్ధం అయిపోయింది, రాలేదు. ఓడ తిరిగి వస్తున్నప్పుడు బల్ల అంచుకి జరిగాను. ఓడ ఎక్కడా ఆగలేదు. నేరుగా ఇంటికి వెళ్లిపోయింది. పేర్లు పడ్డాయి, పాక నడిపే కుర్రాడు టీవీ కట్టేశాడు.

జనమంతా లేచి వెళ్లినా నేను కూర్చునే ఉన్నాను. సినిమాలో ఉంటేనే ఉన్నట్టు అన్నది ఆయనే. లేడని కళ్లారా చూసొచ్చాడు, అంటే తగువు ఆయనే నెగ్గాడు. నెగ్గినమాట నాకు చెప్పలేదు. ఓడను ఆపాడు, ఆ పిల్లను దింపాడు, ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టాడు.

"ఇంకో ఆట చూస్తారా మాస్టారూ?" అన్నాడు కుర్రాడు.

వద్దన్నాను. నేను చూసిన సినిమా అది కాదు. నేను చూసినది ఇంకెవరూ చూడలేదు, చూపించినవాడు ఎక్కడున్నాడో తెలియదు. లేచి స్టేషన్‌కి నడిచాను. సాయంత్రం డ్యూటీ ఎక్కగానే బ్లాక్ ఫోన్ గంట మోగింది. రిసీవరు ఎత్తి, తీగలో హోరు విన్నాను.

"హలో, లైన్ క్లియర్ ఇస్తారా?" అంది అవతలి గొంతు.

ఇచ్చాను.