చర్చి డాబా మీద సోలార్

సాలోమోను ఇరవై ఏళ్లుగా ఎల్బీ నగర్ చుట్టుపక్కల ఇళ్లకు వైరింగ్ చేస్తున్నాడు. నాలుగేళ్ల నుంచి సోలార్ ప్యానెళ్లు కూడా బిగిస్తున్నాడు. పనిలో వంక పెట్టడానికి లేదు, నోరే కాస్త ముందు నడుస్తుంది. మన్సూరాబాద్‌లో తాను వెళ్లే చర్చికి ప్యానెళ్లు పెట్టించిందీ ఆ నోరే. "బిల్లు సగానికి పడకపోతే నన్నడుగుండ్రి" అని సంఘం ముందు మాటిచ్చాడు. పూలమ్ముకునే ఎలీశమ్మతో సహా అందరూ చందాలు వేశారు.

ఈస్టర్ నాటికి ప్యానెళ్లు సిద్ధమయ్యాయి. మిగిలిన కరెంటు లైనులోకి పోతే దాన్ని విడిగా లెక్కపెట్టే కొత్త మీటరు మాత్రం రాలేదు. దరఖాస్తు పెట్టి మూడు నెలలైంది. ఈలోగా పాస్టరు గారు ప్రతిష్ఠ ప్రార్థనకు తేదీ చెప్పేశారు, బిర్యానీకి వంటవాళ్లను కూడా మాట్లాడేశారు. ప్రార్థన చేసి స్విచ్ వేయకుండా ఊరుకుంటే ఏం బాగుంటుంది? కొత్త మీటరు రాకముందే సాలోమోను వేసేశాడు. బయటివాళ్లకైతే వద్దని తిట్టి మరీ చెప్పే పని అది.

చర్చికి కరెంటు అక్కరపడేది ఆదివారమే. మిగతా ఆరు రోజులదీ లైనులోకి పోయింది. పోయేదానికీ వచ్చేదానికీ తేడా తెలియని పాత మీటరు అంతా వాడినట్టే చూపించింది. బిల్లు రెండింతలైంది.

సాలోమోను కరెంటు ఆఫీసుకు పరుగెత్తాడు. అక్కడి ఇంజనీరు కృష్ణకుమారి దాపరికం లేని మనిషి.

"మీటర్లే రాలేదన్నా. పైన ఎవ్వరికీ తొందర లేదు. బొగ్గు ప్లాంట్లతోని ఇరవై ఐదేండ్లకు అగ్రిమెంటు రాసుకున్నరు. కరెంటు తీసుకున్నా, తీసుకోకున్నా పైసలు కట్టాలె. మీరంతా ఎండతోని నడుపుకుంటే గా పైసలు ఎవరు కట్టాలె?"

"గట్లైతే సోలార్ పెట్టుకోమని పోస్టర్లెందుకు అంటించిన్రు మేడమ్?"

"గది వేరే సెక్షన్," అందామె. నవ్వలేదు.

సాలోమోనుకు ఒళ్లు మండింది. కానీ ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు.

ఆదివారం ఆరాధన మధ్యలో లేచి నిలబడ్డాడు. "తప్పు నాదే. మీటరు వచ్చేదాంక బంద్ చేస్తున్న," అన్నాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

ఎలీశమ్మకు అర్థం కాలేదు. "బయట గింత ఎండ కొడుతుంటే బంద్ చేసుడేంది బిడ్డా? మరి మనకు కరెంటు యాడికెళ్లి వస్తది?"

"ఎప్పటి లెక్కనే అమ్మా. బొగ్గుకెళ్లి."

డాబా ఎక్కాడు. ప్యానెళ్ల మీద చెయ్యి పెడితే కాలుతోంది. స్విచ్ ఆపాడు. కింద ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, పాట సాగుతూనే ఉంది. ఆపినట్టు ఎవరికీ తెలియలేదు. అతనికి అన్నిటికన్నా బాధ కలిగించింది అదే.