గేటు దగ్గర ఆగిన నవల

డిగ్రీ రెండో సంవత్సరంలో మా ఇంగ్లిష్ సిలబస్‌లో ఒక పాత అమెరికా నవల ఉండేది. నాగర్‌కర్నూల్ కాలేజీలో మేం నలభై మందిమి. పుస్తకం మాత్రం సార్ దగ్గర ఒక్కటే, అదీ ఎవరిదో జిరాక్సుకు జిరాక్సు. దాన్ని బస్టాండు దగ్గరి షాపులో ఇచ్చి తలా ఒక కాపీ తీయించుకున్నాం. సగం పేజీల్లో అక్షరాలు నల్లగా అలుక్కుపోయి ఉండేవి. నాకు అప్పుడు కోపం ఎక్కువ, ఇప్పుడూ తక్కువేం కాదు. ఎక్కడో ఉన్న దేశం కథ, అదీ కళ్లు పొడుచుకుని చదివి మేం ఏం ఉద్ధరిస్తామని మొదటి రోజే పక్కమ్మాయితో అన్నాను.

వారం తిరగకముందే ఆ నవల నన్ను పట్టుకుంది. వానలు మొహం చాటేసిన ఊళ్లో ఒక రైతు. పెళ్లాన్ని ఇంట్లో వదిలి రైలు పట్టాలు వేసే పనికి పోతాడు. మొదట్లో ఉత్తరాలు వస్తాయి, తర్వాత రావు. మా నాయన కూడా ముందటేడు పీర్ల పండుగ అయిన మూడో రోజే గుంపు మేస్త్రీ వెంట పుణెకు పోయాడు, బిల్డింగు పనికి. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు. చలికాలం వచ్చేసరికి ఆ ఫోన్లు ఆగిపోయాయి. మేం చేస్తే స్విచాఫ్ అని చెప్పేది.

మా పాలమూరు వలస కూలీలు ఏ పండుగకు రాకపోయినా పీర్ల పండుగకు మాత్రం ఎక్కడున్నా వచ్చి పడతారు. ఆ ఏడూ మా ఊరి గుంపంతా దిగింది. నాయన ఒక్కడు రాలేదు. పీర్ల ముందరి నిప్పుల గుండం చుట్టూ ఊరు ఊరంతా డప్పులకు ఎగురుతుంటే అమ్మ ఆ గుంపులో దూరి, వచ్చినవాళ్లను ఒక్కొక్కరిని పట్టుకుని అడిగింది. వేరే సైటుకు పోయాడని ఒకరన్నారు, తాము చూసి ఆర్నెల్లయిందని ఇంకొకరన్నారు. పండుగ పూట ఆ మొహం వేసుకుని తిరగొద్దని మా పెద్దమ్మ కసిరితే, అమ్మ ఇంటికొచ్చి అన్నం వండకుండా కూర్చుంది.

ఇంట్లో మేమిద్దరం, రెండు మేకలు. అమ్మకు చదువు రాదు. కూలికి పోయివచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాక, ఇంట్లో ఒక మాట వినబడాలని కాబోలు, “ఇయ్యాల ఏం చదివినవ్ బిడ్డా?” అని అడిగేది. నాకు వేరే ఏదన్నా చెప్పాలని తోచాలి కదా. నేను ఆ రైతు కథే చెప్పాను. చెప్పి తప్పు చేశాను. రోజూ గడపలో కాలు పెట్టగానే అదే ప్రశ్న, “ఏమాయె ఆయన? ఇంటికొచ్చిండా?”

ఒకరోజు వచ్చాడు. మా కాపీలో చివరి పేజీ అదే. పదకొండేళ్ల తర్వాత ఆ మనిషి ఊరికొస్తాడు. ఇంటి పొగ గొట్టంలోంచి పొగ వస్తుంటుంది. గేటు మీద చెయ్యి వేసి నిలబడతాడు. అక్కడితో సరి. సార్ మూడు రోజులు ఆ పేజీ మీదే పాఠం చెప్పారు. ముగింపు చెప్పకుండా వదిలేయడం ఎంత ధైర్యమో, ప్రపంచంలో ఎంతమందికి చేతనవుతుందో బోర్డు నిండా రాశారు.

“తలుపు కొట్టిండా లేదా సార్?” అని లేచి అడిగాను.

“అదేనమ్మా గొప్పతనం! అది నీకు, నాకు వదిలిపెట్టిండు. పది మార్కుల ప్రశ్న, రాసుకో.”

సార్ మంచివాడే. కానీ ఆ క్షణాన ఆయన చేతిలో సుద్దముక్క లాక్కుని బయటికి విసిరేయాలనిపించింది. మా అమ్మకు పది మార్కులు అక్కర్లేదు.

సాయంత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మ రొట్టె పెనం మీద వేసి మరిచిపోయింది.

“గేటు కాడ నిలబెట్టి ఇడిసిపెట్టిండా? వాని చేతులిరగ! మొగోడు రాసిండు గాబట్టి నిలబెట్టిండు. ఆడమనిషి రాస్తే తలుపు తీపిచ్చేది.”

ఆ వారమే మేమిద్దరం వనపర్తిలో, నాయనను పుణెకు తీసుకుపోయిన మేస్త్రీ ఇంటికి పోయాం. ఆయన బయటికి పోయాడని, మధ్యాహ్నానికి వస్తాడని ఇంట్లోవాళ్లు చెప్పారు. అమ్మ వాళ్ల అరుగు మీద చెంగు కప్పుకుని కూర్చుంది. ఎవరింటి ముందో అట్లా అడుక్కునేదానిలా కూర్చున్న అమ్మను చూడలేక, ఇప్పుడే వస్తానని చెప్పి రెండు వీధుల అవతల ఉన్న లైబ్రరీలోకి పోయాను. ఇంగ్లిష్ పుస్తకాల బీరువా ఒకటే ఉంది. అందులో ఎర్ర అట్టతో మా నవల. నిలబడే చివరి పేజీలు తిప్పాను. గేటు తర్వాత ఇంకా నాలుగు పేజీలున్నాయి.

మొదట నవ్వొచ్చింది. మూడు రోజులు సార్ చెప్పిన ధైర్యమంతా ఏ జిరాక్సు షాపులోనో జారిపోయిన రెండు కాగితాల చలవ. తర్వాత చదివాను. ఆ మనిషి గేటు తీసుకుని లోపలికి పోతాడు, తలుపు కొడతాడు. ఎవరో తెలియని ఆమె తలుపు తీస్తుంది. ఆ ఇంటి ఇల్లాలు మొగుణ్ణి వెతుక్కుంటూ నాలుగేళ్ల కింద రైలెక్కిందని, మళ్లీ రాలేదని చెబుతుంది. కావాలంటే లోపల కూర్చోమంటుంది. ఆయన కూర్చోడు. వచ్చిన దారినే పోతాడు.

పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టి బయటికొచ్చాను.

నేను పోయేసరికి మేస్త్రీ వచ్చి ఉన్నాడు.

“నీతోని అబద్ధమెందుకు చెప్త అక్కా? నాతోని జర మాటా మాటా అయ్యి వేరే గుంపుల కలిసిండు. ఏ గుంపో నాకు తెల్వదు. బేస్తారం పుణెకు మా బండి పోతది. నువ్వు గూడ ఎక్కు. ఆడ మనోళ్లే మస్తుమంది ఉన్నరు, నలుగురిని అడిగితే తెలుస్తది” అన్నాడు.

“పోత అన్నా. బేస్తారం పోత” అంది అమ్మ, నా మొహం కూడా చూడకుండా.

ఊరికి తిరిగొచ్చే కొల్లాపూర్ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాం. అమ్మ మొహంలో చాలా రోజుల తర్వాత కాస్త కళ వచ్చింది. ఇటుకలు మోసుకుంటూ నెల దినాలు వెతుకుతానంది. నన్ను పెద్దమ్మ దగ్గర ఉండమంది. నాకేమో భయం పట్టుకుంది. నాయన రేపు వచ్చి ఇంటికి తాళం చూసి పోతే? అమ్మ కూడా ఆ ఊళ్లో తప్పిపోతే? ఇవి పైకి చెప్పుకోగలిగిన భయాలు. లోపల ఇంకొకటుంది. మేకలు, పొయ్యి, నీళ్లు అన్నీ నా మీద పడి కాలేజీ ఆగిపోతుంది. పెద్దమ్మ ఇంట్లో మూలన పడి ఉండాలి. ఇరవై ఏళ్లు కూడా లేవు నాకు, నన్ను నేను కాపాడుకోవాలనిపించింది.

“అమ్మా, ఆ కథ ఇంకా ఉన్నది. లైబ్రరీల మొత్తం పుస్తకం దొరికింది.”

అమ్మ గిర్రున తిరిగింది. “తలుపు కొట్టిండా?”

“కొట్టిండు. ఆమెనే తీసింది. ఎక్కడికి పోలే ఆమె, పదకొండేండ్లు ఇంట్లనే ఉన్నది. అందుకే దొరికింది. కాళ్లకు నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది.”

అమెరికాలో కాళ్లకు నీళ్లేంటి, నా మొహం. “ఆమె యాడికి పోలేదా?” అని అమ్మ ఒక్కసారి అడిగింది. పోలేదన్నాను.

బేస్తవారం బండి పోయింది. అమ్మ పోలేదు. దీపావళి తర్వాత ఆ బిల్డింగు పని అయిపోయి గుంపులన్నీ తలో దిక్కూ చెదిరిపోయాయి. ఇక పుణె పోయినా అడగడానికి మనిషి లేడు. నాయన నంబరుకు చేస్తే ఎవరో హిందీలో రాంగ్ నంబర్ అని విసుక్కున్నారు. పరీక్షలో నేను సార్ చెప్పిన ముగింపే రాశాను. క్లాసులో అందరికంటే నాకే మార్కులు ఎక్కువొచ్చాయి.

ఇది జరిగి ఆరేళ్లు దాటింది. నాయన రాలేదు. ఇప్పుడు నేను గద్వాల్‌లో గెస్టు లెక్చరర్‌ని. ఈ ఏడు ఆ నవలే మళ్లీ నా నెత్తిన పడింది. మొత్తం పుస్తకం తెప్పించాను. చివరి నాలుగు పేజీలు క్లాసులో చదువుతూ మధ్యలో ఆపేసి, మిగతాది ఇంట్లో చదువుకొమ్మని పిల్లలకు చెప్పి స్టాఫ్ రూములోకి పోయాను. ఒక రచయిత తన కథలో ఒక ఆడమనిషిని రైలెక్కించి మాయం చేస్తే, అది జరిగిన సంగతే అన్నట్టు భయపడి మా అమ్మను ఇంట్లో కూర్చోబెట్టాను. ఆ నెలలో పోయి ఉంటే దొరికేవాడేమో. ఈ ‘ఏమో’ నన్ను బతకనివ్వడం లేదు.

ఆ ఆదివారం బీచుపల్లి వంతెన మీదుగా ఊరికి పోయాను. అమ్మ గుమ్మంలో కూర్చుని కందులు చెరుగుతోంది. పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. పుస్తకంలో ఆమె ఇంట్లో లేదని, వెతుక్కుంటూ పోయిందని, బస్సులో చెప్పింది నేను అల్లిందని. తిడుతుందని, కొడుతుందని ఎదురుచూశాను. చేట ఆగలేదు.

“అబద్ధమని నాకు ఆ పొద్దే తెల్సు బిడ్డా. నీ మొకం జూస్తే ఎవ్వలకైన తెలుస్తది.”

“మరెందుకు ఆగినవమ్మా?”

“బేస్తారం పొద్దున దాంక సంచి సర్దుకొనే ఉన్న. నువ్వు పో అంటవేమోనని జూసిన” అంది అమ్మ. “నువ్వు బస్సుకు ఆల్శమైతదని కాలేజికి పోతివి.”