సీరియల్ వెనక పేజీ

డెబ్భైల్లో పటమటలో మేం అద్దెకున్న వాటాకి వారపత్రిక పక్కింటి నుంచి వచ్చేది. మేం కొనే మాసపత్రిక వాళ్ళింటికి వెళ్ళేది. మాది ఇస్త్రీ చేసినట్టు వెళ్ళేది. వాళ్ళది ముట్టుకోవాలంటేనే అసహ్యంగా ఉండేది.

పక్కింటావిడకు ఎంగిలి పట్టింపు మహా ఎక్కువ. మనం తాగిన గ్లాసు రెండుసార్లు కడిగిస్తుంది. అదే మనిషి వేలు నాలుకకి అద్దుకోకుండా ఒక్క పేజీ తిప్పదు. మూలలన్నీ మెత్తబడిపోయి, ఎక్కడ చూసినా పసుపు మరకలే. ఒకసారి జోకుల పేజీలో పోపు ఆవగింజ దొరికింది. అయినా ముక్కు మూసుకుని చదివేదాన్ని. చదివిన కథ మర్నాడు కాలేజీలో ఎవరికో ఒకరికి చెప్పందే నాకు అన్నం సయించేది కాదు మరి.

అన్నిటికంటే ఒళ్ళు మండేది ఆవిడ కత్తెర చూస్తే. సీరియల్ పేజీలు కత్తిరించి దాచి, అయిపోయాక బైండు చేయించుకునేది. అది అందరూ చేసే పనే, కానీ ఇంకొకళ్ళు చదివాక చేస్తారు. ఈవిడ మాకివ్వకముందే కత్తిరించేది. ఆ కాగితం వెనక వేరే కథ ఉంటుందని ఆవిడకి పట్టదు.

ఒక వారం కథలో ఒకావిడ పెట్టె సర్దుకుని ఇల్లు వదిలి, హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడింది. బస్సొచ్చింది. మెట్టు మీద కాలు పెట్టింది. తర్వాతి పేజీ లేదు. ఎక్కిందో లేదో తెలియక నాకు ఏ పని మీదా మనసు నిలవలేదు. చివరికి సిగ్గు విడిచి వాళ్ళింటికి వెళ్ళాను.

"పిన్నిగారూ, ఆ సీరియల్ కాగితం వెనక ఓ కథ ఉందండీ. ఒక్కసారి చూసిచ్చేస్తాను."

"నీ చేతికిస్తే నలిపేస్తావే. నేను చదువుతా, విను."

నేను నలిపేస్తానట!

ట్రంకుపెట్టెలోంచి ఆ కాగితం తీసి, వేలు తడుపుకుని మరీ చదివింది. మెట్టెక్కబోతున్నావిడకి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. వెనక్కి తిరిగి ఇంటికి పరుగెత్తింది. అంతే కథ. దీనికోసమా ఇంత కొట్టుకున్నానని రోత పుట్టింది.

"అసలు ఇల్లెందుకు వదిలిందే?" అని అడిగింది పక్కింటావిడ. పత్రికంతా తిరగేసినా సీరియల్ తప్ప వేరే కథలు చదవని మనిషి, ఈ కథ మొదలు ఆవిడకి తెలియదు. అన్నానికీ కాఫీకీ కేకెయ్యడం తప్ప మొగుడు ఏళ్ళ తరబడి ఆమెతో మాట్లాడలేదని చెప్పాను.

"పాలు పొంగితే పొంగనీ. ఎక్కాల్సింది," అంది.

ఇద్దరం ఆ రాసినాయన్ని తిట్టడం మొదలుపెట్టాం. తిడుతుంటే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అంతలో లోపల్నుంచి వాళ్ళాయన కాఫీ అని కేకేశాడు. ఆవిడ లేవలేదు.

"మొదట్నుంచీ చెప్పు," అంది.